సూదికి లేని పైసలు వెంటిలేటర్‌కు ఎక్కడివి?

ఐఆర్‌డీఏఐ చైర్‌పర్సన్ గారికి మాక్లూర్ నుంచి బహిరంగ లేఖ

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చైర్‌పర్సన్ గారికి,
నానక్‌రాంగూడ, హైదరాబాద్.



నిజామాబాద్ జిల్లా మాక్లూర్‌లో ఉంటూ ఆరోగ్య బీమా పాలసీలు చేయించే ఏజెంటును నేను. పరీక్ష పాసై, మీ సర్క్యులర్లు చదువుకుంటూ, కమీషన్ మీద ఇల్లు నడుపుకునే లక్షల మందిలో ఒకణ్ణి. నానక్‌రాంగూడలో మీరు పెట్టిన సంతకం మా ఊళ్లో ఒక ఇంటి అరుగు మీదికి చేరేసరికి ఎట్లా ఉంటుందో మీకు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

అడిగేది ముందే చెప్తాను. మహమ్మారి ఫ్లూ వచ్చి దానికి టీకా దొరికిన రోజున, ఆ టీకా ఖర్చు ఆరోగ్య బీమా భరించి తీరాలని మీరు ఇప్పుడే రూలు రాయాలి. జబ్బు వచ్చాక రాస్తే లాభం లేదు. మామూలు సంవత్సరాల్లో ఏటా వేసుకునే ఫ్లూ టీకాను కూడా అరవై దాటినవాళ్లకు, గర్భిణులకు, షుగరు, గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లకు పాలసీలోనే ఇప్పించాలి.

పాలసీతోపాటు మేమొక పుస్తకం ఇస్తాం. జనం దాన్ని బీరువాలో భూమి పాసుబుక్కు పక్కన పెట్టి, మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కిన రోజే తీస్తారు. వేటికి డబ్బులు రావో చెప్పే భాగం అందులో ఉంటుంది. అన్ని కంపెనీల మాటలూ ఒక్కలా ఉండవు. అయినా చాలా పుస్తకాల్లో అటూ ఇటూగా ఒకే సంగతి కనిపిస్తుంది: టీకాలకు ఇవ్వం, జంతువు కరిచాక వేసేవి తప్ప. ఆ మాట లేని చోట, అవుట్ పేషెంటు ఖర్చులు వర్తించవనే లైనులో టీకా కూడా కొట్టుకుపోతుంది. మీరే రూపం ఇచ్చి, 2020 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నిటి చేతా అమ్మిస్తున్న ఆరోగ్య సంజీవనిదీ అదే దారి. కుక్క కరిచి వచ్చినవాడికి ఏదో ఒక తోవ ఉంది. వైరస్ ఇవాళో రేపో కరుస్తుందని తెలిసి ముందే వచ్చినవాడికి ఏ తోవా లేదు.

2021 మార్చిలో మీ సంస్థ ఒక ప్రకటన ఇచ్చింది. కోవిడ్ టీకా వికటించి ఎవరైనా ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు పాలసీ షరతులకు లోబడి వస్తుందని. మంచి ప్రకటనే. సూది అంటే జనం జంకుతున్న రోజులవి. నేను దాన్ని ప్రింటు తీయించి ఇంటింటికీ చూపించాను. ఒక రిటైర్డ్ టీచర్ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి అడిగాడు: "అంటే, టీకా ఏసుకుని పడిపోతె ఇస్తరు. ఏసుకుని మంచిగుంటె ఇయ్యరు. గంతేనా?" గంతే సార్ అన్నాను. ఆయన నవ్వి కాగితం నా చేతికిచ్చేశాడు.

మా మండలంలో ఏ వాడకు పోయినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు తగులుతుంది. 1937లో పెట్టిన బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఈ ప్రాంతంలో నెలజీతం, దాంతోపాటు వచ్చే భద్రత ఇంకా పలచబడ్డాయి. నేను చేయించే పాలసీల్లో చాలావాటికి ప్రీమియం దోహా నుంచో దుబాయ్ నుంచో వస్తుంది. పాలసీ మీద పేర్లు మాత్రం ఇక్కడున్న అమ్మానాన్నలవి. అట్లాంటి ఒక ఇంటి సంగతి చెప్తాను. పేర్లు వద్దు.

కొడుకు ఖతర్‌లో ఉంటాడు. తల్లికి అరవై దాటాయి, చిన్నప్పటి నుంచీ బీడీలు చేసిన చెయ్యి ఆమెది. కొడుకు వద్దంటున్నా చాట ఒళ్లో పెట్టుకోనిదే ఆమెకు పొద్దుపోదు. కొలతకు కత్తిరించిన తునికాకు, నడుమ చిటికెడు తంబాకు, వేళ్ల మధ్య ఒక తిప్పు, దారంతో ముడి, మూతి మడత. నాతో మాట్లాడుతూనే ఉంటుంది, చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. మధ్యమధ్య దగ్గు. ఎప్పటి నుంచి ఈ దగ్గు అంటే, "పెండ్లయినకాంచి ఉన్నదే" అంటుంది. ప్రపోజల్ ఫారంలో దగ్గుకు గడి ఉండదు. తంబాకు దుమ్ము పీల్చి పీల్చి అరిగిన ఊపిరితిత్తుల మీద ఫ్లూ పడితే అది మూడు రోజుల జ్వరంతో ఊరుకోకపోవచ్చు. నిమోనియాకు దిగితే ఇక ఆస్పత్రి, ఆక్సిజన్, అప్పు.

ఖతర్‌లో ఏటా చలికాలానికి ముందు అక్కడి ప్రభుత్వం ఫ్లూ టీకా ఉచితంగా వేస్తుంది, బయటి దేశాల నుంచి వచ్చి పనిచేసేవాళ్లకు కూడా. కొడుకు వేయించుకుని నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఈడ ఉట్టిగనే ఏసిండ్రు. అమ్మకు గూడ ఏపియ్యి. మనకు పాలసీ ఉన్నది గదా, పైసలు అండ్లకెల్లి అస్తయి."

రావు తమ్మీ అన్నాను.

"ఏడాదికి ఇరువై ఏల మీద కడుతున్న. గీ సూదికి రావా?"

టీకా ఖలీల్‌వాడిలో దొరికింది. నిజామాబాద్ ఆస్పత్రులన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండేది ఆ వాడలోనే. మందుల షాపతను ఫ్రిజ్‌లోంచి తీసి, ఐసు ప్యాకు చుట్టి, తొందరగా వేయించండి అని ఇచ్చాడు. డాక్టరమ్మ సూది వేసి, డబ్బా మీదున్న బ్యాచ్ నంబరు స్టిక్కరును గోటితో ఊడదీసి చీటీ మీద అంటించి, ముద్ర కొట్టింది. పద్దెనిమిది వందల బిల్లు. రాదని తెలిసీ క్లెయిమ్‌కు పెట్టాను. 'నాన్ పేయబుల్' అని మెసేజ్ వచ్చింది. కంపెనీని అనడానికి లేదు, పుస్తకంలో ఉన్నదే చేసింది.

అదే మనిషి నిమోనియాతో పడి, అదే ఖలీల్‌వాడిలో పది రోజులు ఐసీయూలో ఉంటే, అదే కంపెనీ రెండు మూడు లక్షలు క్యాష్‌లెస్‌లో కట్టేది. 2024 మే నాటి మీ మాస్టర్ సర్క్యులర్ పుణ్యమా అని గంటలో అనుమతి కూడా ఇచ్చేది.

ఈ మహమ్మారి ఫ్లూ అన్నది మన ప్రాంతానికి పరాయి సంగతేమీ కాదు. దేశంలో మొదటి హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) కేసు తేలింది హైదరాబాద్‌లోనే. 2009 మే నెలలో న్యూయార్క్ నుంచి దుబాయ్ మీదుగా వచ్చిన యువకుడిలో బయటపడింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అని ప్రకటించింది. ఆగస్టులో పుణెలో పద్నాలుగేళ్ల అమ్మాయి చనిపోయింది. దేశంలో అది తొలి మరణం. మరి టీకా? కేంద్రం బయటి నుంచి 15 లక్షల డోసులు తెప్పించి ఆస్పత్రి సిబ్బందికి కేటాయించింది. మన దేశంలో తయారైన మొదటి టీకా, జైడస్ కాడిలా వాళ్ల వ్యాక్సీఫ్లూ-ఎస్, 2010 జూన్‌లో వచ్చింది. జూలైలో సీరం ఇన్‌స్టిట్యూట్ ముక్కులో కొట్టే నాసోవాక్ తెచ్చింది. ఆగస్టు 10న మహమ్మారి అయిపోయిందని ప్రకటించారు. ఆ తర్వాత అక్టోబరులో మన హైదరాబాద్ భారత్ బయోటెక్ నుంచి హెచ్‌ఎన్‌వ్యాక్ వచ్చింది, పెళ్లి అయిపోయాక బాజా బజంత్రీలు దిగినట్టు.

బజంత్రీలు ఆలస్యమైనా పని పడింది. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. 2015లో దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, మూడు వేలకు దగ్గరగా మరణాలు. తెలంగాణ వచ్చాక మొదటి చలికాలం అది. ఆ గొడవ నడుస్తుండగానే ఆరోగ్య శాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రిని పదవి నుంచి తప్పించారు. ఇంత జరిగినా టీకా బిల్లు ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఎవరి టేబుల్ మీదికీ రాలేదు. ఇప్పుడా వైరస్ ఏటా వచ్చే ఫ్లూల్లో ఒకటై కూర్చుంది. ఏటా వేసే టీకాలోనే దాని వాటా కూడా ఉంటుంది. మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో చాలా జబ్బులకు టీకాలున్నాయి, అందులో ఫ్లూ లేదు. బీమాలో లేదు, ప్రభుత్వంలో లేదు. మిగిలింది జేబు.

కోవిడ్‌ నాటి సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. 2020 మార్చి 11న మహమ్మారి అన్నారు, 2021 జనవరి 16న మన దగ్గర టీకా మొదలైంది. మధ్యలో పది నెలలు. ఆ పది నెలల్లో మీ సంస్థ ఊరికే కూర్చుందని నేననను. 2020 జూలైలో కరోనా కవచ్, కరోనా రక్షక్ పాలసీలు వచ్చాయి. నేనూ అమ్మాను, వాటి వల్ల కొన్ని ఇళ్లు నిలబడ్డాయి కూడా. టీకా వస్తుందని అందరికీ తెలిసిన రోజుల్లో కూడా టీకాకు వాటిలో చోటు దొరకలేదు.

తర్వాత 2021 మే 1 వచ్చింది. రెండో అల ఉధృతంగా ఉన్న రోజులు. 18 నుంచి 44 ఏళ్ల వాళ్లకు టీకా తెరిచారు గానీ, రాష్ట్రాలు కొనుక్కోవాలి, లేదా జనం ప్రైవేటులో కొనుక్కోవాలి. జూన్‌లో కేంద్రం ప్రైవేటు ధరలకు కట్టేసిన గట్లు ఇవి: కోవిషీల్డ్ 780 రూపాయలు, స్పుత్నిక్ 1,145, కోవాగ్జిన్ 1,410. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో రెండేసి డోసుల కోవాగ్జిన్ అంటే 11,280 రూపాయలు. జూన్ 21 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో 18 దాటిన అందరికీ ఉచితమైంది. నడుమ ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లో నా ఖాతాదారులు ఎంతమంది అడిగారో, "కార్డు మీద ఏస్తరా?" అని. ఆ కార్డు ఐసీయూ తలుపు దగ్గర చూపించే కార్డు, టీకా టేబుల్ దగ్గర దానికి విలువ లేదు. ఆ రోజుల్లో బీమా ఉన్నవాడి టీకాకు బీమా కట్టి ఉంటే, సర్కారు డోసుల వరస ఆ మేరకు లేనివాడికి తగ్గేది. ఉన్నవాడు వరస దాటిపోతాడని కొందరంటారు. ప్రైవేటుకు నాలుగో వంతు డోసులు కేటాయించినప్పుడే ఆ వరస రెండైంది. ఆ రెండో వరసలో కనీసం ప్రీమియం కట్టిన బీదవాడైనా నిలబడగలిగేవాడు.

వచ్చేసారి ఏ వైరస్ వస్తుందో ఎవరూ రాసివ్వలేరు. కానీ 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ పడి, ఇక్కడ మా దగ్గర కూడా జనం చికెన్ మానేసిన సంగతి గుర్తుంది కదా. ఆ మార్చిలోనే నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. ఆ పాప నుంచి ఇంకెవరికీ పాకలేదు. అది మన అదృష్టం, దాన్ని ఏర్పాటు అనుకోకూడదు. మరో పక్క, కొత్త మహమ్మారి వస్తే 100 రోజుల్లో టీకా తయారు కావాలని ప్రపంచం లక్ష్యం పెట్టుకుంది. జీనోమ్ వ్యాలీ మీ ఆఫీసున్న నగరం అంచునే ఉంది. టీకా నూరు రోజుల్లో తయారైతే, బిల్లు ఎవరు కట్టాలన్న ఫైలు మీ దగ్గర ఎన్ని రోజులు తిరగాలి?

కంపెనీలు ఏమంటాయో నాకు తెలుసు, మీటింగుల్లో వింటూనే ఉంటాం. బీమా అనేది అనుకోకుండా వచ్చి పడే ఖర్చుకు, ఏటా వేసుకునే సూదికి కాదు, అట్లాంటివి కలిపితే ఈ చేత్తో ప్రీమియంలో తీసుకుని ఆ చేత్తో ఇవ్వడమే అంటారు. ఇందులో నిజం ఉంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. వెయ్యి మందికి పద్దెనిమిది వందల చొప్పున టీకా వేయిస్తే 18 లక్షలు. అందులో ఐదుగురు ఆస్పత్రి తప్పించుకున్నారనుకుందాం, తలా రెండు లక్షల చొప్పున మిగిలేది 10 లక్షలు. కంపెనీకి 8 లక్షల నష్టం. ఆ వెయ్యి మందీ ముప్పై ఏళ్ల కుర్రాళ్లయితే ఆ ఐదుగురు కూడా దొరకరు. పైగా ఫ్లూ టీకా పూర్తి కవచమేమీ కాదు. తిరుగుతున్న వైరస్‌కు టీకా బాగా కుదిరిన ఏడాదిలో కూడా జబ్బు ముప్పు నలభై నుంచి అరవై శాతం వరకే తగ్గిస్తుంది, కుదరని ఏడాది ఇంకా తక్కువ. అందుకే మామూలు సంవత్సరాల్లో అందరికీ ఇవ్వమని నేను అడగడం లేదు. అదే వెయ్యి మందిని అరవై దాటినవాళ్లతో, దమ్ము ఉన్నవాళ్లతో, షుగరు ఉన్నవాళ్లతో నింపి లెక్క కట్టండి. టీకాను డబ్బా మీద ధరకు కాకుండా కంపెనీలన్నీ కలిసి టెండరు పెట్టి కొన్నట్టు కట్టండి. 8 లక్షల నష్టం ఎంత కరిగిపోతుందో మీ యాక్చువరీలే చెప్తారు. మహమ్మారి ఏడాదిలో ఇక ఆ లెక్కే వేరు. అప్పుడు క్లెయిములు ఒక్కొక్కటిగా రావు, కట్టతెగి వస్తాయి.

ప్రీమియం లెక్క పైకి చెప్పే కారణం. లోపలి కారణం వేరు, దాన్ని ఎవరూ మైకులో చెప్పరు. మన ఆరోగ్య పాలసీ ఎక్కువగా ఏడాది పాలసీ. ఈ ఏడాది నా కంపెనీ టీకా వేయించిన మనిషి, వచ్చే ఏడాది పోర్టబిలిటీ పెట్టుకుని పక్క కంపెనీకి పోతాడు. ఆరోగ్యంగా పోతాడు. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది. ఈ భయం ఉన్నంతకాలం ముందడుగు ఎవరూ వేయరు. 2020 సెప్టెంబరులో వెల్‌నెస్ మార్గదర్శకాలు ఇచ్చి, నివారణ సదుపాయాలు ఇచ్చుకోవచ్చు అని మీరు తలుపు తెరిచారు. 'ఇచ్చుకోవచ్చు' అన్న తలుపులోంచి నా ఖాతాదారులకు వచ్చింది అడుగులు లెక్కపెట్టే యాప్, జిమ్ము కూపను. మాక్లూర్‌లో నాట్లు వేసి వచ్చిన ఆడమనిషికి అడుగులు లెక్కపెట్టే యాప్!

కాబట్టి అందరికీ ఒకేసారి వర్తించే రూలు కావాలి. ఒక్క కంపెనీ మీద బరువు పడకుండా ఉమ్మడి నిధి కావాలి. అట్లాంటివి మనకు కొత్త కాదు. అమెరికాలో జంట టవర్లు కూలాక, 2002లో మన కంపెనీలన్నీ కలిసి ఉగ్రవాద నష్టాలకు ఒక పూల్ పెట్టుకున్నాయి, జీఐసీ రీ దాన్ని చూసుకుంటోంది. 2020లో మహమ్మారి నష్టాలకు కూడా పూల్ పెట్టవచ్చా అని మీరే ఒక వర్కింగ్ గ్రూపు వేశారు. వ్యాపారాలు మూతపడితే, కూలి పోతే ఎట్లా అన్నదే అక్కడ ప్రధానంగా నలిగిన సంగతి. ఆ కాగితాలు ఇంకోసారి బయటికి తీసి టీకాను అందులో మొదటి పేజీలో రాయండి. దుకాణాలు మూతపడకుండా చూసే అన్నిటికన్నా చవకైన మందు అదే కదా.

మీరు రూలు పెడితే కంపెనీలు దారికి వస్తాయని నాకు అనుభవమే. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆధారంగా 2018లో మీరు సర్క్యులర్ ఇచ్చాక మానసిక జబ్బులు పాలసీల్లోకి వచ్చాయి. 2020లో టెలిమెడిసిన్ వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి అన్ని వయసులవాళ్లకూ పాలసీలు అందుబాటులో ఉంచాలన్నారు. ఇక మీ రూలు కాకపోయినా, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ సున్నా అయింది. ఇరవై వేల ప్రీమియం మీద 3,600 తగ్గిన చోట, ఒక ముసలామె సూదికి జాగా దొరకదంటే నమ్మడం కష్టం.

ఇరుగుపొరుగును కూడా ఒకసారి చూడండి. బోధన్ దాటి సాలూర దగ్గర మంజీర వంతెన ఎక్కితే అవతల మహారాష్ట్ర. ధర్మాబాద్, బిలోలి వైపు తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి, మావాళ్లకు అక్కడ వియ్యాలున్నాయి. 2015 స్వైన్ ఫ్లూ దెబ్బ తిన్నాక ఆ రాష్ట్రం గర్భిణులకు, బీపీ షుగరు ఉన్నవాళ్లకు, ఆస్పత్రి సిబ్బందికి ఫ్లూ టీకా ఉచితంగా వేయడం మొదలుపెట్టింది. అంతదాకా ఎందుకు, మన దగ్గర నుంచి ఏటా హజ్‌కు వెళ్లేవాళ్లకు మెనింజైటిస్ టీకా, పోలియో చుక్కలతో పాటు 65 దాటినవాళ్లకు ఫ్లూ టీకాను కూడా సర్కారే వేయిస్తుంది. గుంపులో ఫ్లూ ముందుగా ముసలివాళ్లనే పట్టుకుంటుందని మక్కా ప్రయాణానికి ఒప్పుకున్నాం. చాలా మంచి పని. వసంత పంచమికి బాసర క్యూలో మనవణ్ణి ఎత్తుకుని గంటలు నిలబడే తాతకూ ఊపిరితిత్తులు అవే, వైరస్సూ అదే.

అమెరికా సంగతి మా ఊరివాళ్లకు కూడా తెలుసు, పిల్లలు అక్కడున్నారు మరి. అక్కడ 2009లో టీకాను ప్రభుత్వమే కొనిచ్చింది. సూది వేసినందుకు తీసుకునే రుసుము బీమా కంపెనీల లెక్కలో పడింది. ముసలివాళ్ల మెడికేర్ 1993 నుంచే ఫ్లూ టీకాకు కడుతోంది. 2010 చట్టం తర్వాత, సిఫార్సు చేసిన టీకాలకు చాలా పాలసీల్లో మనిషి నుంచి ఒక్క డాలరు కూడా వసూలు చేయకూడదు. డల్లాస్‌లో ఉండే మనవాళ్లు కూరగాయలకు వెళ్లి, ఆ దుకాణంలోని ఫార్మసీలోనే టీకా వేయించుకుని వస్తారు. అక్కడి బీమా పద్ధతి మొత్తంగా చూస్తే ఆదర్శమని నేను చెప్పను, అంబులెన్సు ఎక్కడానికి భయపడే దేశమది. ఈ ఒక్క విషయంలో వాళ్ల లెక్క నేరుగా ఉంది.

ఇక నేనడిగే రూలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గానీ మన కేంద్రం గానీ మహమ్మారి ప్రకటించి, టీకాకు ఇక్కడ అనుమతి వచ్చిన రోజు నుంచి, అమల్లో ఉన్న ప్రతి ఆరోగ్య పాలసీ టీకా ధర, సూది వేసిన రుసుము రెండూ భరించాలి. ముప్పై రోజుల వెయిటింగ్ పీరియడ్ దీనికి పెట్టొద్దు. టీకా కోసమే ఎగబడి పాలసీలు కొంటారని భయపడాల్సిన పనిలేదు, రెండు వేల సూది కోసం ఇరవై వేల ప్రీమియం కట్టే తెలివితక్కువవాళ్లు మా దగ్గర లేరు. టీకా క్లెయిమ్ పెట్టినందుకు నో క్లెయిమ్ బోనస్ కోయొద్దు. లేకపోతే బోనస్ పోతుందని జనం టీకానే మానుకుంటారు. ఆస్పత్రిలో చేరాలన్న షరతు అసలే వద్దు. బిల్లు, దాని మీద బ్యాచ్ స్టిక్కరు, డాక్టరు ముద్ర, ఈ మూడూ ఉంటే చాలనాలి. మహమ్మారి లేని సంవత్సరాల్లో, మొదట చెప్పిన ముప్పు ఉన్నవాళ్లకు ఏడాదికొక ఫ్లూ టీకా ఇదే పద్ధతిలో ఇవ్వాలి. ఎవరికి ముప్పు ఉందో కొత్తగా వెతికే పని కూడా లేదు. ముందునుంచి ఉన్న జబ్బులని ప్రపోజల్ ఫారంలో రాయించుకుని ప్రీమియం పెంచుతాం కదా, ఆ జాబితానే ఇది.

2047 నాటికి అందరికీ బీమా అని మీరు లక్ష్యం పెట్టుకున్నారు. ప్రతి గ్రామ పంచాయతీకి బీమా వాహక్ అంటూ ఆడవాళ్లను పంపాలని మార్గదర్శకాలు ఇచ్చారు. ఆమె ఇంటి ముందు నిలబడి ఏం చెప్పి పాలసీ అమ్మాలి? చచ్చేంత జబ్బొస్తే పనికొస్తుందని చెప్పి అమ్మడం ఎంత కష్టమో నాకు తెలుసు. మంచిగున్న మనిషి చేతికి ఏటా ఒక్కసారైనా ఏదో ఒకటి అందితే, రెన్యువల్ కోసం నేను గడప గడపా తిరిగే అవసరం సగం తగ్గుతుంది. ఇందులో నా స్వార్థం కూడా ఉందని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఈ లేఖ ప్రతిని రాష్ట్ర ఆరోగ్య మంత్రి దామోదర రాజనర్సింహ గారికి కూడా పంపుతున్నాను. ఎందుకంటే మా మండలంలో నా పాలసీలున్న ఇళ్లకన్నా ఆరోగ్యశ్రీ మీదే ఆధారపడ్డ ఇళ్లు చాలా ఎక్కువ. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరు 9న 10 లక్షలకు పెంచారు. పది లక్షల వెంటిలేటర్ ఉంది, సూది లేదు. అక్కడా అదే కథ. మంత్రి గారూ, మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లల టీకాల కోసం ఫ్రిజ్ ఉంది. బుధవారం, శనివారం టీకాల రోజులని ప్రతి తల్లికీ తెలుసు. ఏఎన్ఎం ఉంది, ఆశా ఉంది. పెద్దవాళ్ల కోసం అందులో ఇంకో అర తెరిస్తే చాలు. మొదట బీడీ కార్మికులతో మొదలుపెట్టండి, వాళ్ల పేర్లు పెన్షన్ జాబితాల్లోనే ఉన్నాయి.

మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎక్కువవుతుంది, చలికాలం చివర ఒకసారి, వానలు పడ్డాక మరోసారి. వానల ముప్పుకు టీకా మే, జూన్ నెలల్లోనే పడిపోవాలి. అంటే కంపెనీలు టెండరు పిలవాలన్నా, పాలసీ పుస్తకంలో లైను మార్చి అచ్చు వేయాలన్నా, సర్క్యులర్ సంక్రాంతి దాటకముందే మా చేతికి రావాలి.

ఇట్లు,
ఒక ఆరోగ్య బీమా ఏజెంటు,
మాక్లూర్, నిజామాబాద్ జిల్లా.